స్మాల్ హీత్ బండి: 1966 బీఎస్ఏ థండర్‌బోల్ట్‌ను కెఫే రేసర్‌గా మలుస్తున్న డైరీ

2023 అక్టోబరు 14, శనివారం

వూస్టర్‌షైర్‌లో ఒక రైతు కొట్టంలో ముప్పై ఏళ్లకు పైగా గోనెసంచుల కింద పడి ఉన్న 1966 నాటి బీఎస్ఏ ఏ65 థండర్‌బోల్ట్, అద్దె వ్యానులో ప్రయాణించి ఈ సాయంత్రం మా గ్యారేజీలోకి దిగింది. దాన్ని బండి అనడం కొంత అతిశయోక్తే. ఫ్రేము, అందులో బిగించి ఉన్న ఇంజిను, ఫోర్కు, రెండు చక్రాలు కలిపి ఒక ముద్దగా వచ్చాయి; మిగిలినదంతా మూడు అట్టపెట్టెల్లోను, ఒక పాత బిస్కెట్ల డబ్బాలోను ఉంది. పెట్రోలు ట్యాంకు, సీటు, పక్క రేకులు లేనే లేవు. ముందు మడ్‌గార్డు ఉన్నది కాని, పైకి ఎత్తబోతే సగం చేతికి వచ్చి సగం నేల మీదే ఉండిపోయింది. దీనికి 2,400 పౌండ్లు ఇచ్చాను. ఫ్రేము మీది నంబరు, ఇంజిను మీది నంబరు లాగ్‌బుక్కులో ఉన్నవాటితో సరిపోయాయి కనుక, ఆ సొమ్ములో సగం ఆ కాగితానికే ఇచ్చానని నా లెక్క.

ఈ బండిని వెతికి కొనడానికి ఒక కారణం భౌగోళికమైనది. బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో మేముంటున్న ఈ ఇంగ్లండ్ నగరంలోని తుపాకుల పనివాళ్లు కలిసి పెట్టుకున్న సంస్థ అది. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకుల గుర్తు చివరి దాకా దానితోనే ఉంది. మోటార్‌సైకిళ్లు 1910లో మొదలయ్యాయి. స్మాల్ హీత్‌లోని ఆ కర్మాగారం, మేము అద్దెకుంటున్న హాల్ గ్రీన్‌కు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉండేది. విద్యుత్ సామగ్రి ఇచ్చిన లూకాస్ హాక్లీలో, కార్బురేటర్లు ఇచ్చిన అమల్ పెర్రీ బార్‌లో, టైర్లు చేసిన డన్‌లప్ ఎర్డింగ్టన్‌లో ఉండేవి. అంటే ఈ బండిలో ముఖ్యమైన భాగాలన్నీ ఒక్క ఊళ్లోనే పుట్టి, ఆ ఊళ్లోనే ఒకచోట చేరాయన్నమాట. 1973లో బీఎస్ఏ చితికిపోయి నార్టన్ విలియర్స్ ట్రయంఫ్‌లో కలిసిపోయింది. ఆ పేరు ఇప్పుడు మన దేశంలోని మహీంద్రా వారి క్లాసిక్ లెజెండ్స్ చేతికి చేరడం, ఆ పేరుతో కొత్త గోల్డ్ స్టార్ రావడం వేరే కథ.

పాత రూపంలోకే తీసుకురాకుండా కెఫే రేసర్ చేయడమెందుకని ఇంట్లో అడిగారు. నిజాయితీగా చెప్పాలంటే, అసలు ట్యాంకు, సీటు, రేకులు ఉండి ఉంటే ఆ పాపానికి ఒడిగట్టేవాణ్ణి కాదు. అవి లేని బండికి అవన్నీ కొని తగిలిస్తే ఖర్చు మరొక బండి ధరను దాటుతుంది, వచ్చేది మాత్రం అతుకుల బొంత. పైగా కెఫే రేసర్ అనేది ఈ యంత్రాలకు పరాయి వేషం ఏమీ కాదు. 1950ల చివర, 1960లలో లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీది ఏస్ కెఫే వంటి చోట్ల చేరిన కుర్రాళ్లు, కొత్త రేసు బండి కొనే స్తోమత లేక, రోజూ పనికి వెళ్లే బండికే హాండిలు కిందికి దించి, ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపి, బరువైనదల్లా విప్పి పారేసి, గంటకు 100 మైళ్లు దాటించాలని తంటాలు పడేవారు. ఇప్పుడు ఆ పేరుతో అమ్ముడవుతున్న బండ్లలో చాలావాటికి బల్లచెక్క వంటి సీటు, సైలెన్సరు గొట్టాలకు చుట్టిన గుడ్డ తప్ప ఆ ఉద్దేశం మిగలలేదు. నేను రెండు షరతులు రాసి గోడకు అతికించుకున్నాను. మొదటిది, ఫ్రేమును ఎక్కడా కోయకూడదు, దేన్నీ అతకకూడదు. చేసిన ప్రతి మార్పూ పానాతో విప్పి వెనక్కి తీసుకోగలిగేదై ఉండాలి. రెండవది, ఇంజిను లోపలి పని పూర్తయ్యేవరకు ట్యాంకు గురించి, రంగు గురించి ఆలోచించకూడదు.

నవంబరు 5, ఆదివారం

మూడు వారాంతాలు పట్టి ఇంజినును ఫ్రేములోంచి దించాను. ఇందులో సగం కాలం పానాలకే పోయింది. ఈ బండిలో మెట్రిక్ బోల్టు ఒక్కటీ లేదు. కొన్ని బోల్టులు విట్‌వర్త్ మరలవి, కొన్ని అంగుళానికి 26 చుట్లుండే సైకిలు మరలవి, విద్యుత్ భాగాల దగ్గర చిన్న బీఏ మరలు. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన మర కోణం 55 డిగ్రీలు. నేడు మనం వాడే మెట్రిక్ మర 60 డిగ్రీలు. అందుచేత సైజు దగ్గరగా ఉన్న మెట్రిక్ బోల్టు రెండు చుట్లు హాయిగా ఎక్కి, మూడో చుట్టులో అల్యూమినియం మరను తినేస్తుంది. నాకు ముందు ఈ ఇంజిను మీద చెయ్యి వేసిన మహానుభావుడు ప్రైమరీ కవరు (క్లచ్చి వైపు మూత) దగ్గర సరిగ్గా ఆ పనే చేశాడు. విట్‌వర్త్ పానా మీద వేసిన అంకె బోల్టు కాడ మందాన్ని చెబుతుంది కాని తల వెడల్పును చెప్పదు. ఈ సంగతి తెలియక మొదటి రోజు 1/4 అని రాసి ఉన్న పానా కొలత తప్పని దాన్ని తిట్టుకున్నాను. చివరికి ఆదివారం సంతలో ఒక వృద్ధుడి దగ్గర నూనె మరకల గుడ్డసంచీలో చుట్టిన పదకొండు పానాల జత పన్నెండు పౌండ్లకు దొరికింది. ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నేను చేసిన అత్యంత లాభసాటి బేరం అదే.

నాకు ఈ పని పూర్తిగా కొత్త కాదు. విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామకు లేత్ షాపు ఉండేది, వేసవి సెలవుల్లో అక్కడ బుల్లెట్ ఇంజిన్లు కడగడం నా పని. రెడిచ్‌లో పుట్టి 1955 నుంచి మద్రాసులో తయారైన ఆ బుల్లెట్‌కూ, ఈ బీఎస్ఏకూ పోలికలు చాలానే ఉన్నాయి: గేరు కుడి కాలికి, వెనక బ్రేకు ఎడమ కాలికి, ఆయిలు చెమర్చడం రెండింటికీ జన్మహక్కు. తేడా ఏమంటే అది ఒకే సిలిండరు, ఇది రెండు. 75 మిల్లీమీటర్ల బోరు, 74 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తం 654 సీసీ. రెండు పిస్టన్లూ ఒకేసారి లేచి ఒకేసారి దిగుతాయి, వంతులవారీగా పేలతాయి. వరుస ఇంజిను కదా మృదువుగా నడుస్తుందని భ్రమపడనక్కరలేదు. రెండూ కలిసి కదలడం వల్ల వణుకు విషయంలో ఇది ఒక పెద్ద సిలిండరు లాంటిదే.

డిసెంబరు 9, శనివారం

ఈ రోజు క్రాంకు, అంటే పిస్టన్ల ఎగుడుదిగుడును తిరుగుడుగా మార్చే ఇరుసు, బయటికి వచ్చింది. ఈ డైరీలో ఎక్కువ భాగం దీనికే పోతుందని నాకు ముందే అనుమానం, అది నిజమయ్యేలా ఉంది.

ఏ65 ఇంజినులో ఆయిలు వేరే ట్యాంకులో ఉంటుంది. కుడివైపు టైమింగ్ కవరు లోపలున్న పంపు ఆ ఆయిలును తీసుకుని క్రాంకు కుడి చివరను మోసే బుష్‌లోకి, అంటే లోహపు తొడుగులోకి, నెడుతుంది. ఎడమవైపు, అంటే క్లచ్చి వైపు, రోలర్ బేరింగు ఉంటుంది. కుడివైపు మాత్రం బేరింగు ఉండదు, సాదా బుష్ ఒక్కటే. ఆ బుష్‌కు ఒక రంధ్రం, క్రాంకు కాడకు ఒక రంధ్రం. ఆయిలు వాటిగుండా క్రాంకు లోపలికి వెళ్లి, మధ్యలోని బోలు గొట్టాన్ని దాటి, పిస్టన్లను క్రాంకుకు కలిపే రెండు కనెక్టింగ్ రాడ్ల కింది కొసల్లోని (బిగ్ ఎండ్) షెల్లులకు, అంటే పల్చని బేరింగు రేకులకు, చేరుతుంది. అంటే ఆ బుష్ రెండు ఉద్యోగాలు చేస్తున్నదన్నమాట: క్రాంకును మోయడం ఒకటి, ఆయిలు దారికి తలుపుగా ఉండడం మరొకటి. అది అరిగి వదులైతే క్రాంకు వెంటనే ఆగిపోదు. ఆయిలు మాత్రం లోపలికి వెళ్లే బదులు పక్కల నుంచి జారి కిందికి పోతుంది. దాని వల్ల ముందుగా ఎండిపోయేది పంపుకు దూరంగా ఉన్న ఎడమ బిగ్ ఎండ్. అది పట్టేసిన రోజున రాడ్డు విరిగి, ఇంజిను గోడను పగలగొట్టుకుని బయటికి వస్తుంది. పాత బండ్ల సంతల్లో కనిపించే ఏ65 క్రాంక్‌కేసుల్లో ముందువైపు అతుకు పడినవి ఎందుకు అన్ని ఉంటాయో ఇప్పుడు అర్థమైంది.

నా ఇంజినులో బుష్ వదులు ఎంతో కొలిచే అవసరం కూడా రాలేదు, క్రాంకు చివరను పట్టుకుని ఊపితే వేళ్లకే తెలిసింది. ఎడమ షెల్లు మీద తగరం రంగు పొర పోయి కింది రాగి రంగు బయటపడింది. ఇంకొక వెయ్యి మైళ్లు తిరిగి ఉంటే ఈ ఇంజినుకు కూడా ఆ అతుకే పడేది. అసలు యజమాని దాన్ని కొట్టంలో పడేయడమే దాని ప్రాణాన్ని కాపాడింది.

క్రాంకులోని బోలు గొట్టాన్ని స్లడ్జ్ ట్రాప్ అంటారు. క్రాంకు తిరిగే వేగానికి ఆయిలులోని బరువైన మురికి గొట్టం గోడలకు కొట్టుకుని అక్కడే పేరుకుపోతుంది. ఈ ఇంజినుకు నేడు మనకు తెలిసిన కాగితపు ఫిల్టరు లేదు, ట్యాంకులోను అడుగునా ఇనుప జాలీలు మాత్రమే ఉన్నాయి. కాబట్టి నిజమైన ఫిల్టరు ఈ గొట్టమే, దాన్ని శుభ్రం చేయాలంటే ఇంజిను మొత్తం విప్పాలి. దాని మూతను ఎవరో ఉలితో చుట్టూ కొట్టి బిగించేశారు. నాలుగు రోజులు డీజిల్‌లో నానబెట్టి, వేడి చేసి, గాడిలో సరిగ్గా కూర్చునే బిట్టు ఒకటి చేయించుకుని, చివరికి సుత్తి దెబ్బతో కదిలించాను. గొట్టంలోంచి వచ్చినది ఆయిలు కాదు, మైనం కాదు. ఎండిన తారులాంటి నల్లని ముద్ద, పెన్సిలు పట్టేంత దారి కూడా మిగల్లేదు. దాన్ని ఒక గాజుసీసాలో దాచాను. గ్యారేజీకి వచ్చి రంగు ఎప్పుడు వేస్తావని అడిగేవారికి అది చూపిస్తున్నాను.

2024 జనవరి 20, శనివారం

క్రాంకు గ్రైండింగుకు వెళ్లి వచ్చింది. రెండు జర్నళ్లనూ (రాడ్లు పట్టుకునే క్రాంకు కాడలను) పది థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పది, తగ్గించారు. అందుకు సరిపడే షెల్లులు సులభంగానే దొరికాయి. సిలిండరు బ్లాకు పోత ఇనుముది. ఇరవై థౌ ఓవర్‌సైజుకు బోరింగ్ చేయించి కొత్త పిస్టన్లు తీసుకున్నాను. ఈ పనుల గురించి చెప్పడానికి అంతకుమించి ఏమీ లేదు. డబ్బులిచ్చాను, పని చక్కగా వచ్చింది.

బుష్ కథ వేరు. దీని విషయంలో ఏ65 యజమానులు రెండు శిబిరాలుగా ఉన్నారు. ఒకరు బుష్‌ను తీసేసి దాని స్థానంలో రోలర్ బేరింగు పెట్టించి, ఆయిలును క్రాంకు చివర నుంచి నేరుగా లోపలికి పంపే మార్పు చేయిస్తారు. అది మంచి మార్పే, ఖరీదైనది కూడా. మరొకరు, బుష్‌ను ఓపికగా కూర్చోబెట్టి ఆయిలు తరచుగా మారిస్తే అదే చాలునంటారు. నేను రెండో పక్షంలో చేరాను. ఇందులో సిద్ధాంతం కంటే జేబు పాత్రే ఎక్కువ.

కొత్త కంచు బుష్‌ను కేసులోకి దించి లోపలి కొలతకు రీమరు (రంధ్రాన్ని నున్నగా కోసే పనిముట్టు) పట్టే పనిని ఒక వర్క్‌షాపుకు అప్పగించాను. బుష్ మెరుస్తూ తిరిగి వచ్చింది, కొలత అణువంతైనా తేడా లేదు. క్రాంకు పెట్టి రెండు కేసులూ బిగిస్తే మాత్రం రెండు చేతులతో తిప్పినా కదలలేదు. ఆ రాత్రి మామయ్యకు ఫోను చేశాను. ఆయన ఎన్నడూ బీఎస్ఏ చూడలేదు. విషయం విని ఒకే ఒక్క ప్రశ్న వేశారు:

"రీమరు పట్టేటప్పుడు రెండు కేసులూ కలిపి బిగించారా, ఒక్కదాన్నే పట్టుకుని కోశారా?"

"ఒక్కదాన్నే అనుకుంటాను, మామయ్యా. నేను రెండోది ఇవ్వలేదు."

"అయితే ఇంకేం చూస్తావురా! అవతలి బేరింగు నడిమికి, ఇవతలి బుష్ నడిమికి ఒకే గీత కుదరాలి కదా. ఒంటి కేసులో కోస్తే రంధ్రం గుండ్రంగానే ఉంటుంది, చూపు మాత్రం పక్కకు పోతుంది. ఇంకో బుష్ తెచ్చుకో, ఈసారి నువ్వు దగ్గర నిలబడు."

ఆయన చెప్పిందే జరిగింది. పొరపాటు సగం నాది కూడా, ఎడమ కేసును ఇంట్లో ఉంచుకుని కుడి కేసు మాత్రమే పంపినవాణ్ణి నేనే. రెండో బుష్‌ను వేరేచోట, రెండు కేసులూ బిగించి, ఎడమ బేరింగు స్థానంలో దారి చూపే గుండ్రని గైడు పెట్టి, పొడవాటి రీమరుతో ఒకే గీతలో కోయించాను. క్రాంకుకూ బుష్‌కూ మధ్య ఒకటిన్నర థౌ ఖాళీ వచ్చింది. బిగించాక ఒక్క వేలితో తిప్పితే క్రాంకు తిరిగి, తన బరువుకు తానే నెమ్మదిగా ఆగింది. ఈ తిరుగుడు చూడడానికి మా ఇంట్లోవాళ్లను పేరుపేరునా పిలిచాను, ఎవరూ నేను ఆశించినంతగా చలించలేదు.

ఫిబ్రవరి 17, శనివారం

క్రాంక్‌కేసులకు వేపర్ బ్లాస్టింగ్ చేయించాను, అంటే సన్నని గాజుపూసలు కలిపిన నీటిధారతో కడిగించడం. అల్యూమినియం కొత్త వెండిగిన్నెలా వచ్చింది. ఈ పనిలో ఉన్న ప్రమాదం ఆ పూసలే. ఒక్కటి ఆయిలు రంధ్రంలో మిగిలినా కొత్త షెల్లులను గంటలో గీకేస్తుంది. అందుకని ప్రతి దారికీ మూతిబిళ్ల విప్పి, సీసాలు తోమే సన్నని బ్రష్షుతో, సబ్బునీళ్లతో, ఆపై గాలితో మూడుసార్లు కడిగాను. రెండోసారి కూడా పళ్లెం అడుగున మెరుపు కనిపించింది. మూడోసారి కనిపించలేదు, అయినా నాలుగోసారి కడిగాను.

ఆయిలు పంపు వెనక ఒక చిన్న గోళీ, స్ప్రింగు ఉంటాయి. బండి నిలబడి ఉన్నప్పుడు ట్యాంకులోని ఆయిలు మెల్లగా ఇంజిను అడుగుకు దిగిపోకుండా ఆపేది అదే. గోళీ కూర్చునే గుంట చెడి ఉంది. పాత గోళీని అందులో పెట్టి ఒక్క దెబ్బ కొట్టి అంచు సరిచేసి, కొత్త గోళీ వేశాను. ఆయిలు తిరిగి ట్యాంకుకు వెళ్లే గొట్టంలో కారు ఫిల్టరు ఒకటి బిగించే ఏర్పాటు చేశాను. ఇది 1966లో లేదు, కాని సీసాలోని నల్లముద్దను చూసిన తరువాత ఈ విషయంలో నాకు చారిత్రక శుద్ధి మీద మమకారం లేదు.

ఏప్రిల్ 6, శనివారం

ఇంజిను పనులు ముగిశాయి కనుక గోడ మీది రెండో షరతు ప్రకారం ఇప్పుడు ట్యాంకు గురించి ఆలోచించవచ్చు. పాతరోజుల్లో ఈ కుర్రాళ్లకు ఇష్టమైనవి ఫైబర్‌గ్లాస్ ట్యాంకులు, తేలిక, చవక. అలాంటిది ఒకటి మంచి ధరకు చూపించారు, వద్దన్నాను. 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలు అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిసినది. అది పాత ఫైబర్‌గ్లాస్ జిగురును మెత్తబరిచి, కార్బురేటరులోకి పాకంలా దింపుతుంది. చేతితో కొట్టిన అల్యూమినియం ట్యాంకు తీసుకున్నాను, ఈ బండి మీద పెట్టిన ఖర్చులో అదే పెద్దది. రంగు వేయడం లేదు. మెరుగు పెట్టి వదిలేస్తాను. అల్యూమినియానికి రంగు వేయడమంటే పట్టుచీర మీద రెయిన్‌కోటు వేయడం లాంటిదని మా ఆవిడ అన్నది, ఈ బండి గురించి ఆమె ఇప్పటివరకు పలికిన ఏకైక మంచిమాట అది.

మే 18, శనివారం

హాండిలు, ఫుట్‌రెస్టులు. బయటి నుంచి చూస్తే కెఫే రేసర్ అంటే ఈ రెండే, బిగించడానికి ఒక పూట చాలుననుకున్నాను. ఐదు వారాంతాలు పట్టింది.

క్లిప్ ఆన్ హాండిళ్లు ఫోర్కు గొట్టాలను నేరుగా పట్టుకుంటాయి. థండర్‌బోల్ట్‌కు ఆ గొట్టాల మీద రేకు తొడుగులుంటాయి, హెడ్‌లైటును మోసేవీ అవే. వాటిని తీసేస్తే లైటుకు వేరే కొక్కేలు కావాలి. అవి పెట్టి, హాండిళ్లు బిగించి, పూర్తిగా ఎడమకు తిప్పి చూద్దును కదా, నా ఎడమ బొటనవేలు హాండిలుకూ ట్యాంకుకూ మధ్య ఇరుక్కుంది. నిలబడి ఉన్న బండి మీద అది నవ్వులాట. సందులో మలుపు తిరుగుతూ ఉంటే కాదు. హాండిళ్లను అర అంగుళం పైకి జరిపి, కోణం కొద్దిగా వెనక్కి మార్చి, ఫోర్కు తిరుగుడును ఆపే బుడిపెల మీద చిన్న ఇత్తడి ముక్కలు బిగించాను. ఇప్పుడు బండి వెనకటి కంటే పెద్ద వలయంలో తిరుగుతుంది, నా వేలు మాత్రం క్షేమంగా ఉంది.

ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపితే గేరు లీవరు కూడా వెనక్కి రావాలి. అందుకు సులభమైన మార్గం లీవరును దాని కాడ మీద వెనక్కి తిప్పి బిగించడం. కాని అలా చేస్తే గేర్ల వరుస తలకిందులవుతుంది, నొక్కాల్సినచోట ఎత్తాలి. పాత కుర్రాళ్లు దానికే అలవాటుపడి తిరిగేవారట. నాకు ఇంట్లో మామూలు బండి కూడా ఉంది, ఒక పాదానికి రెండు భాషలు నేర్పడం ఇష్టం లేక, కడ్డీ, రెండు గోళపు కీళ్లతో లింకేజి కట్టి అసలు వరుసను నిలుపుకున్నాను. ఆ తరువాత తెలిసింది, కిక్కు కొడితే దాని కాడ సరిగ్గా కొత్త ఫుట్‌రెస్టు మీదికే వస్తుందని. మడిచే ఫుట్‌రెస్టు కొన్నాను. కాబట్టి స్టార్టు చేసేముందు కుడి ఫుట్‌రెస్టు మడవాలి, బయలుదేరే ముందు దాన్ని దించాలి. ఇది మరిచిపోయినప్పుడు పిక్క గుర్తుచేస్తుంది.

బిగింపులన్నీ ఫ్రేముకు ముందే ఉన్న రంధ్రాలకే చేశాను. ఒంటి మనిషి సీటు, వెనక గూని వంటి ఎత్తు, అన్నీ కలిపి నాలుగు బోల్టుల మీద నిలిచాయి. మొదటి షరతు ఇంకా చెక్కుచెదరలేదు.

జూన్ 29, శనివారం

కరెంటు పని. ఈ తరం బ్రిటిష్ బండ్లలో బ్యాటరీ ప్లస్ తీగ ఫ్రేముకు కలుస్తుంది, మన అలవాటుకు పూర్తిగా వ్యతిరేకం. ఈ సంగతి నాకు తెలుసు, కాగితం మీద రాసుకున్నాను, అయినా చెయ్యి తన అలవాటు ప్రకారం పోయి బ్యాటరీని తిరగేసి కలపబోయింది. ఫ్యూజు ముందే పెట్టినందువల్ల చిన్న మెరుపుతో సరిపోయింది. వైరింగ్ మొత్తం కొత్తగా అల్లాను. లైట్లు, హారను, ఛార్జింగు తప్ప మరేమీ లేనందున అది ఒక అరచేతి పటంలో పట్టింది. స్పార్కును సమయానికి పుట్టించే పాత స్విచ్చులైన పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెట్టాను. అది బయటికి కనిపించదు, పాయింట్ల గదిలోనే టైమింగ్ కవరు వెనక కూర్చుంటుంది.

ఆగస్టు 25, ఆదివారం

ఇంజిను స్టార్టయింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి పది నెలలు పట్టింది కనుక కాస్త వివరంగా రాస్తాను.

మొదట స్పార్కు ప్లగ్గులు తీసేసి, ఆయిలు ట్యాంకు మూత తెరిచి, కిక్కు కొడుతూ పోయాను. పంపు ఆయిలును ఇంజినంతా తిప్పి అడుగు నుంచి మళ్లీ ట్యాంకులోకి తెచ్చి పోస్తుంది. ఆ తిరుగు గొట్టం నుంచి ఆయిలు కనిపించేవరకు ప్లగ్గులు పెట్టకూడదు. నూట నలభై కిక్కుల దగ్గర లెక్క మరిచిపోయాను. ఆ తరువాత కొద్దిసేపటికి గొట్టం అంచున ఒక బుడగ, దాని వెనక తేనెరంగు ధార. ఇప్పుడు సీసాలో ఉన్న ముద్ద ఏ దారిని మూసేసిందో ఆ దారి గుండానే అది వచ్చింది.

టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర వదిలే సందు, ఇన్‌లెట్‌కు 8 థౌ, ఎగ్జాస్టుకు 10 థౌ. స్పార్కు, పిస్టను శిఖరానికి చేరే ముందు 34 డిగ్రీల దగ్గర పూర్తి అడ్వాన్సు; దీన్ని డిగ్రీ పళ్లెంతో కొలిచి క్రాంకు చివర గీత పెట్టుకున్నాను. అమల్ మోనోబ్లాక్ కార్బురేటరు మీది చిన్న బుడిపెను పెట్రోలు పొంగి వేలికి తడి తగిలేవరకు నొక్కాను. మొదటి కిక్కుకు ఏమీ లేదు. రెండో కిక్కుకు ఎదురు తన్నింది. బుల్లెట్‌కు కంప్రెషన్ వదిలే లీవరు ఉంటుంది, అమ్మీటరు ముల్లు చూసి పిస్టను ఎక్కడుందో చెప్పవచ్చు; ఇక్కడ ఆ సౌకర్యం లేదు, అరికాలితోనే తెలుసుకోవాలి. ఐదో కిక్కుకు ఒక సిలిండరు పలికింది, ఏడో దానికి రెండూ పలికాయి.

శబ్దాన్ని వర్ణించడానికి ప్రయత్నించను. గ్యారేజీ అలమారులోని మేకుల డబ్బాలు నడక మొదలుపెట్టాయని మాత్రం చెబుతాను. స్ట్రోబు లైటుతో టైమింగ్ సరిచూసి, పది నిమిషాలకు ఆపేశాను. పక్కవీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. కుర్రతనంలో స్మాల్ హీత్ కర్మాగారంలో శిక్షణ పొందినవారట. ఇన్నాళ్లుగా ఇటు తొంగి కూడా చూడనివారు ఆ శబ్దానికి చెప్పులతోనే వచ్చారు. ఇంజిను చుట్టూ ఒకసారి తిరిగి, క్లిప్ ఆన్ హాండిళ్లను చూసి పెదవి విరిచి, ఆ బుష్ ఎవరు కోశారని అడిగారు. రెండో బుష్ సంగతి చెప్పాను, మొదటిది దాచాను.

సెప్టెంబరు 14, శనివారం

లెక్క ప్రకారం నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండికి 2018 మే నుంచి ఏటా ఎంఓటీ పరీక్ష, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనా అని చూసే పరీక్ష, తప్పనిసరి కాదు. అయినా డబ్బు కట్టి పరీక్ష చేయించాను; నేను బిగించిన బ్రేకులను మరొక మనిషి కళ్లతో చూడాలనిపించింది. ముందు బ్రేకు తీగ హాండిలు తిప్పినప్పుడు బిగుసుకుంటున్నదని పరీక్షకుడు పట్టుకున్నాడు, అదే రోజు దారి మార్చాను.

ఈ రోజుకు 212 మైళ్లు. ఇంకా నాలుగు వేల ఆర్‌పీఎం దాటించడం లేదు, రింగులు కుదురుకోవాలి. మొదటి యాభై మైళ్లకు ఆయిలు మార్చి ఫిల్టరును కోసి చూశాను. కంచు రేణువులు లేవు, మెత్తని బూడిదరంగు పొడి ఉంది, అది కొత్త బోరుది. హెడ్డు బోల్టులు మళ్లీ బిగించాను. వణుకుకు రెండు నట్లు రాలిపోయాయి: నంబరు ప్లేటుది ఒకటి, హారనుది మరొకటి. వాటిని నైలాన్ పట్టు ఉన్న నట్లతో మార్చాను. యాభై మైళ్ల వేగం దగ్గర అద్దంలో వెనకవచ్చే కారు రెండుగా కనిపిస్తుంది, అరవై దగ్గర అసలు కనిపించదు.

మిగిలిన పనులు. రాకర్ కవరు వెనక అంచున ఆయిలు చెమరుస్తోంది. అంచును గాజు పలక మీద ఎమెరీ కాగితం పరిచి చదును చేసి కొత్త ప్యాకింగ్ వేయాలి. రెండో గేరు నుంచి మూడుకు పోయేటప్పుడు లింకేజి కీలులో వదులు తెలుస్తోంది. బండిని మూడు రాత్రులు కదపకుండా ఉంచి, ఆయిలు ట్యాంకు మట్టానికి గీత పెట్టి చూశాను, గోరు మందం కూడా దిగలేదు. గోళీ తన పని చేస్తోంది. వచ్చే శనివారం వాన లేకపోతే రాకర్ కవరు విప్పుతాను, ఉంటే కూడా విప్పుతాను.